అనిమే డ్రామాలో మంచి అన్న: పక్క పాత్రను పక్కనే నిలబెట్టి రాయడం ఎలా?

అనిమే తరహాలో కథలు, కామిక్స్, చిన్న యానిమేషన్ స్క్రిప్టులు రాసేవాళ్ల నుంచి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఇది: "అన్న పాత్ర బాగానే మొదలవుతుంది. నాలుగో ఎపిసోడ్‌కి వచ్చేసరికి దేవుడైపోతాడు, లేదంటే కూరలో కరివేపాకైపోతాడు. ఎక్కడ తప్పుతున్నాం?"

రెండు జబ్బులకూ మూలం ఒకటే. అన్న పని ఏమిటో ముందు తేల్చుకోరు. ముఖ్యపాత్ర కష్టాన్ని తీర్చడం అతని పని కాదు. ఆ కష్టంతో కుస్తీ పట్టే ఓపిక ఆ పాత్రకు మిగిలేలా చూడటం అతని పని, అందుకు అతని దగ్గర ఏదో ఒకటి ఖర్చవుతూ ఉండాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఉత్తినే చెబితే గాల్లో మేడలా ఉంటుంది కాబట్టి ఒక నమూనా కథ పెట్టుకుందాం. ఊరు జపాన్‌లో హిరోషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది)లోని ఒనోమిచి. కొండవాలు మీద ఇళ్లు, కింద సన్నటి సముద్రపు పాయ, అవతలి గట్టున ముకైషిమా ద్వీపం, అక్కడ ఓడల యార్డులు. మధ్యలో ఫెర్రీ, దాటడానికి ఐదు నిమిషాలు చాలు. కథానాయిక నావో, మిడిల్ స్కూల్ మూడో ఏడు, బ్రాస్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. హిరోషిమా నగరంలో మంచి బ్యాండ్ ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో చేరాలని ఉంది. అన్న తకుయా, 22 ఏళ్లు, ముకైషిమా యార్డులో వెల్డర్. తండ్రి లేడు. తల్లి వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీలు చేస్తుంది.

తల్లిని బతికించి ఉంచామని గమనించండి. అన్న బాధ్యతగా కనిపించాలంటే అమ్మానాన్నలిద్దరినీ చంపేయడం చాలామందికి అలవాటు. నైట్ డ్యూటీ చాలు, ఇంట్లో ఖాళీ దానంతటదే ఏర్పడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్, స్టాప్‌వాచ్ (ఫోన్‌లోది సరిపోతుంది)
- అన్నాచెల్లెళ్ల వయసులు, తరగతులు నెలల వారీగా రాసిన కాగితం
- ఇంటి పటం: ఎన్ని గదులు, ఎవరు ఎక్కడ పడుకుంటారు, వంటగది నుంచి గుమ్మం కనబడుతుందా
- అన్న మామూలు రోజు టైంటేబుల్, లేచింది మొదలు పడుకునేదాకా
- అతని నెల జీతం ఎటుపోతుందో ఐదారు పద్దులు
- అతని చేతిలో తరచూ కనిపించే వస్తువు ఒకటి. ఒకటే.

ఇంటి పటం అనవసరం అనిపించొచ్చు. ఆరు తతమీల (నేల మీద పరిచే గడ్డి చాపల) గది అంటే దాదాపు 10 చదరపు మీటర్లు. అలాంటి రెండు గదులు, ఒక వంటగది ఉన్న ఇంట్లో ఎవరూ ఎవరికీ తెలియకుండా ఏడవలేరు. సగం సీన్లు ఆ ఇరుకే రాసిపెడుతుంది.

1. ముందు వయసు లెక్క, ఆ తర్వాతే మనస్తత్వం

జపాన్‌లో చదువు 6 ఏళ్లు ఎలిమెంటరీ, 3 మిడిల్, 3 హైస్కూల్. విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మన జూన్ లెక్క రాస్తే కథ మొత్తం రెండు నెలలు పక్కకు జరుగుతుంది. చెర్రీ పూల కింద స్కూల్లో చేరే సీను జూన్‌లో పడిందంటే అక్కడే దొరికిపోతారు.

ఇద్దరి మధ్య తేడా రెండు మూడేళ్లయితే అన్న పోటీదారు అవుతాడు. ఒకే స్కూలు, అవే టీచర్లు, "వాడి చెల్లెలివా?" అనే మాట. పదేళ్లు దాటితే తండ్రి అయిపోతాడు, అన్న అనే రుచి పోతుంది. ఐదు నుంచి ఏడేళ్ల తేడా డ్రామాకి బాగా పనికొస్తుంది: ఆమెకు పెద్దవాడే, లోకానికి మాత్రం ఇంకా కుర్రాడు.

వయసుతో పాటు చట్టం కూడా చూసుకోవాలి. ఎక్కువ స్క్రిప్టులు తప్పేది ఇక్కడే:

- జపాన్‌లో మేజర్ వయసు 2022 ఏప్రిల్ 1 నుంచి 20 కాదు, 18. కథ అంతకు ముందు జరిగితే 19 ఏళ్ల అన్న తనంతట తాను ఇల్లు అద్దెకు తీసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టడం కుదరదు. మద్యం, సిగరెట్‌కి మాత్రం ఇప్పటికీ 20 ఏళ్లే.
- 18 నిండనివాళ్లకు రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా పని ఇవ్వడం నిషిద్ధం. హైస్కూల్ అన్న అర్ధరాత్రి కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్‌లో నిలబడే సీను చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ తప్పు. 9:50కి దుకాణం నుంచి బయటికి పంపేయండి. లేదా అతను వయసు దాచి పని చేస్తున్నాడనుకుంటే అదే కథలో సమస్యగా రావాలి.
- 50 సీసీ స్కూటర్ వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకోవాలంటే పెద్ద బైకు కావాలి, లైసెన్సు వచ్చి ఏడాది గడవాలి.
- పిల్లలకు దిక్కెవరూ లేకపోతే "ఇకనుంచి నేనే చూసుకుంటా" అని అన్న ప్రకటిస్తే సరిపోదు. గార్డియన్‌ని నియమించేది ఫ్యామిలీ కోర్టు.

2. అతనికి ఏం ఖర్చవుతోందో రాసుకోండి

'త్యాగం' అనే మాట నోట్‌బుక్‌లో రాయకండి. అది రాస్తే దాని వెనకే వయొలిన్లు వచ్చేస్తాయి. 'ఖర్చు' అని రాయండి. దానికి పేరు, గడువు, వీలైతే అంకె ఉండాలి.

గతంలో వదులుకున్నది (కాలేజీ, బేస్‌బాల్, అమ్మేసిన గిటార్) బలహీనమైన ఖర్చు. అది ఎప్పుడో అయిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు, కాబట్టి ఫ్లాష్‌బ్యాక్‌లో ఏడవడానికి తప్ప దేనికీ రాదు. ఇప్పుడు జారిపోతున్నది బలమైన ఖర్చు.

మన నమూనాలో: ఇమాబరి నుంచి ఒక ఉత్తరం. ఒనోమిచి నుంచి ద్వీపాలను వంతెనలతో కలుపుతూ దాదాపు 60 కిలోమీటర్లు సాగే షిమనామి కైదో అవతలి కొసన ఉన్న ఊరు ఇమాబరి, ఓడల తయారీకి పెట్టింది పేరు. అక్కడి పెద్ద యార్డు తకుయాని రమ్మంటోంది, జవాబుకి మార్చి నెలాఖరు గడువు. అతను జవాబు రాయలేదు. ఉత్తరం వంటగది డ్రాయర్లో, చాప్‌స్టిక్స్ కింద ఉంది. అంతే, ఖర్చు సిద్ధం. దాని గురించి అతను నోరు విప్పకూడదు. చెల్లెలికే దొరకాలి.

సరిచూసుకోండి: ఆ ఖర్చును కథలోంచి తీసేస్తే అతని ఒక్క పని అయినా మారుతుందా? మారకపోతే అది అలంకారం. ఇంకోటి వెతకండి.

3. పిలుపులు సరిచేయండి

తెలుగువాళ్ల స్క్రిప్టుల్లో మొట్టమొదట కనిపించే పొరపాటు ఇదే. మనం "తమ్ముడూ", "చెల్లీ" అని పిలుస్తాం. జపాన్‌లో అలా పిలవరు. చిన్నవాళ్లను పేరు పెట్టే పిలుస్తారు, ఇంట్లో గౌరవవాచకం కూడా అక్కర్లేదు. వరస పెట్టి పిలిచేది పెద్దవాళ్లను మాత్రమే: ఒనీచాన్, కొంచెం పెద్దరికంగా నీసాన్, మగపిల్లలు మొరటుగా అనికి. తెలుగు స్క్రిప్టులో ఈ చివరిది వాడకండి. విభక్తి ప్రత్యయం ఊడిపోయి పడినట్టుంటుంది. బయటివాళ్లతో తన అన్న గురించి చెప్పేటప్పుడు వాడే 'అని' అనే మాట మన భాషలో అసలు కుదరదని చెప్పక్కర్లేదు.

తెలుగులో రాసేటప్పుడు చెల్లెలు "అన్నయ్యా" అంటే సరిపోతుంది. అన్న మాత్రం "నావో" అనే అనాలి.

కలిసొచ్చేది ఒకటుంది. చిన్నపిల్లలతో మాట్లాడేటప్పుడు జపాన్ అన్న 'నేను' బదులు 'ఒనీచాన్' అంటాడు, మన దగ్గర "అన్నయ్య ఉన్నాడుగా" అన్నట్టే. మొదటి ఎపిసోడ్ ఫ్లాష్‌బ్యాక్‌లో, నావోకి నాలుగేళ్లప్పుడు అలా అనిపించండి. ఇప్పటి కథలో 'నేను' అనిపించండి. చివర ఒకసారి నోరుజారి మళ్లీ 'అన్నయ్య' అంటే చాలు, వేరే డైలాగు అక్కర్లేదు.

తల్లి కూడా పెద్దకొడుకుని నేరుగా ఒనీచాన్ అని పిలిచే ఇళ్లు చాలా ఉంటాయి. "నువ్వు అన్నవు కదా, ఓర్చుకో" అనేది అక్కడి పెద్దపిల్లలు విని విని విసిగిన మాట. తకుయా స్వభావానికి వేరు ఇక్కడ దొరుకుతుంది. తల్లి అతన్ని పేరుతో పిలిచే సందర్భం ఒక్కటి దాచిపెట్టుకోండి.

యాస గురించి: హిరోషిమా యాస ఉంది కదా అని ఒక్క తకుయాకే శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో తగిలించకండి. ఒక్కడికే యాస పెడితే అతను హాస్యపాత్ర అయిపోతాడు. పెడితే ఇంటిల్లిపాదికీ పెట్టండి, లేకపోతే వదిలేయండి.

4. ప్రేమను ఒక పనిగా మార్చి, దాన్నే తిప్పితిప్పి చూపండి

జుట్టు చెరపడం, దుప్పటి కప్పడం, గొడుగు ఇచ్చేసి వానలో తడవడం: ఈ మూడూ అరిగిపోయాయి. వీటిలో ఏదైనా మీ డ్రాఫ్టులో ఉంటే కొట్టేసి చూడండి, సీనుకి ఏమీ కాదు.

బదులుగా ఒక ఇంటిపని తీసుకుని మూడు నాలుగుసార్లు వాడండి. ప్రతిసారీ ఒక్క వివరం మారాలి. తకుయాకి తమగోయాకి ఇద్దాం, బెంటో (టిఫిన్) పెట్టెలో పెట్టే చుట్టిన ఆమ్లెట్. రెండు గుడ్లు, చెంచాడు పంచదార, చిటికెడు ఉప్పు. చదరపు పెనం మీద మిశ్రమాన్ని మూడు విడతలుగా పోసి, ప్రతి విడతా చుట్టుకుంటూ పోవాలి. పంచదార ఉంటుంది కాబట్టి మంట పెరిగితే ఇట్టే మాడుతుంది. మనకు కావాల్సిందీ అదే. అలసిన రోజు అంచు మాడుతుంది. మాడిన వైపు కిందికి పెట్టి సర్దుతాడు. తినేటప్పుడు ఆమెకు తెలుస్తుంది.

ఇక్కడో జాగ్రత్త. ఎలిమెంటరీ పిల్లకు రోజూ బెంటో కట్టకండి, ప్రభుత్వ బడుల్లో దాదాపు అంతటా మధ్యాహ్న భోజనం బడే పెడుతుంది. విహారయాత్రకు, స్పోర్ట్స్ డేకి కట్టొచ్చు. మిడిల్ స్కూల్ నావోకి శని, ఆదివారాల బ్యాండ్ ప్రాక్టీసుకు కట్టండి. వేసవి పోటీల తర్వాత మూడో ఏడు పిల్లలు క్లబ్ నుంచి తప్పుకుంటారు. అప్పుడు ఆ బెంటో ఆగిపోవాలి. కొన్నాళ్లకు సాయంత్రం ట్యూషన్ కోసం మళ్లీ మొదలవుతుంది. ఈ ఆగడం, మళ్లీ మొదలవడం మీకు ఉచితంగా దొరికిన రెండు సీన్లు.

ఇంకో లాభం తయారీలో ఉంది. అదే వంటగది, అదే కోణం మళ్లీ వాడితే బ్యాక్‌గ్రౌండ్ ఒకసారి గీస్తే చాలు. పొయ్యడం, చుట్టడం, కోయడం అనే మూడు షాట్లు దాచుకుని మార్పులతో వాడుకోవచ్చు. స్టూడియోలు కూడా షాట్లను ఇలాగే దాచుకుని తిరిగి వాడతాయి.

వంట ఇష్టం లేకపోతే గుమ్మం వాడండి. జపాన్ ఇంట్లోకి రాగానే చెప్పులు విడిచే పల్లపు జాగా ఉంటుంది. అక్కడ తకుయా సేఫ్టీ బూట్లు ఉన్నాయా, ఎటు తిరిగి ఉన్నాయి అన్నది చూపిస్తే అతను ఇంట్లో ఉన్నాడా, మళ్లీ బయల్దేరబోతున్నాడా ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది.

5. అతని చేత ఒక్క పెద్ద తప్పు చేయించండి

ఈ మెట్టు దాటేసిన స్క్రిప్టులోనే అన్న దేవుడవుతాడు. తప్పు చెడ్డతనంలోంచి రాకూడదు, ఆ మంచితనంలోంచే రావాలి. అన్నింటికన్నా బాగా పనిచేసే తప్పు: ఆమె చేయాల్సిన పని అతను చేసేయడం.

మూడో ఏడు శరదృతువు నుంచి డిసెంబరు లోపు టీచర్, విద్యార్థి, పెద్దవాళ్లు ముగ్గురూ కూర్చుని ఏ హైస్కూల్ అన్నది తేల్చే సమావేశం ఉంటుంది. దాన్ని సన్షామెందాన్ అంటారు. తల్లికి డ్యూటీ పడింది, తకుయా వెళ్తాడు. టీచర్ నావోని అడుగుతాడు. ఆమె నోరు తెరిచేలోపే తకుయా అంటాడు: "హిరోషిమానే సార్. డబ్బు సంగతి నేను చూసుకుంటాను." మంచి మాటే. కానీ ఆ వాక్యం చెప్పడానికి ఎనిమిది ఎపిసోడ్లుగా కూడగట్టుకున్నది ఆమె. ఆమె మొహం చూపించండి, ఫెర్రీ దాకా ఇద్దరినీ మాటల్లేకుండా నడిపించండి.

మర్నాడే క్షమాపణ చెప్పించేయకండి. కనీసం ఒక ఎపిసోడ్ అతనికి తన తప్పేమిటో అర్థం కాకూడదు.

6. ఎపిసోడ్లలో పంచడం

ఒక కోర్ (టీవీ అనిమేలో ఒక విడత) అంటే 12 లేదా 13 ఎపిసోడ్లు. ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. ఓపెనింగ్ 90 సెకన్లు, ఎండింగ్ 90 సెకన్లు పోతే కథకు 21 నిమిషాలు. తకుయాకి మామూలు ఎపిసోడ్‌లో రెండు నిమిషాలు చాలు. మూడు దాటితే ఎందుకో మీకు మీరే జవాబు చెప్పుకోండి.

నావో కథ ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాబట్టి నెలకొక ఎపిసోడ్ చక్కగా సరిపోతుంది:

- 1 (ఏప్రిల్): బెంటో, ఫెర్రీ. 40 సెకన్లు. ఎంత మంచివాడో ఎవరూ చెప్పకూడదు.
- 2, 3: ఒక్కో షాట్. 3లో మాడిన అంచు.
- 4, 5 (జులై, ఆగస్టు): పోటీలు. అతను ప్రేక్షకుల్లో లేడు, యార్డులో ఉన్నాడు. ఆమె వెతుక్కోదు కూడా.
- 6 (సెప్టెంబరు): ఉత్తరం డ్రాయర్లోకి వెళ్లడం. మూడు సెకన్లు.
- 8 (నవంబరు): సమావేశం. ఇది అతని ఎపిసోడ్, ఆరేడు నిమిషాలు ఇవ్వండి.
- 9 (డిసెంబరు): ఆమెకు ఉత్తరం దొరుకుతుంది.
- 10 (జనవరి): జీతం తెచ్చేవాళ్లు చిన్నవాళ్లకు కొత్త సంవత్సరపు కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. ఆమె తిరిగి ఇచ్చేస్తుంది.
- 11 (ఫిబ్రవరి): ప్రవేశ పరీక్ష. అతను ఉండకూడదు. పూర్తిగా ఉండకూడదు.
- 12 (మార్చి): ఆమె పడమరగా హిరోషిమాకి, లోకల్ రైల్లో ఒకటిన్నర గంట. అతను దక్షిణంగా ఇమాబరికి.

ఏడోది వదిలేశాను, ఆ ఎపిసోడ్ స్నేహితురాళ్లకు ఇవ్వండి. అన్న అసలు కనిపించని ఎపిసోడ్ ఒకటైనా ఉంటేనే అతను పక్క పాత్ర. పరీక్ష ముందురోజు కత్సు కట్లెట్ పెట్టే సీను చాలామంది రాస్తారు, 'కత్సు' అంటే గెలవడం అనే అర్థం కూడా ఉంది కాబట్టి. వాడితే వాడండి, కానీ ఆమె కంగారులో తినలేక వదిలేస్తేనే దానికి విలువ.

7. సీను రాయడం

జపాన్ స్క్రిప్టులో మూడే భాగాలు: సీను చోటూ కాలమూ చెప్పే వరస, కనిపించేవి చెప్పే వరసలు, డైలాగులు. అక్కడ 400 అక్షరాల గళ్ల కాగితం ఒక నిమిషం అని లెక్క. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు. బయటికి చదువుతూ స్టాప్‌వాచ్ నొక్కండి, మౌనాలకు కూడా సమయం ఇవ్వండి.

ముందు తప్పుడు రకం:

తకుయా: నీ చదువు కోసం నా భవిష్యత్తు వదులుకున్నా నాకేం బాధ లేదు నావో! నీ నవ్వు చాలు నాకు!

మన సినిమా అన్నయ్య అప్పగింతల వేళ చెప్పే మాట ఇది. అక్కడ బాగుంటుంది, నేపథ్య సంగీతం మోసేస్తుంది. ఒనోమిచి వంటగదిలో మోయదు. ఇదే సీను ఇలా:

వంటగది, రాత్రి
తకుయా వీపు. పెనం మీద గుడ్డు. డ్రాయరు అంగుళం తెరిచి ఉంది. నావో గుమ్మంలో.

నావో: ఇప్పుడెందుకు వంట?
తకుయా: రేపు ట్యూషన్ ఉందిగా.
నావో: ఉత్తరం చూశా, అన్నయ్యా.
(ఒక చుట్టు. రెండో చుట్టు.)
తకుయా: ఏ ఉత్తరం?
నావో: ఇమాబరిది.
(అంచు ముక్క కోసి పళ్లెంలో ఆమె వైపు జరుపుతాడు.)
తకుయా: ఉప్పు చూడు.
(ఆమె తినదు.)
నావో: ఎప్పటిలోపు చెప్పాలి?
తకుయా: మార్చి... చల్లారిపోతుంది, తిను.

దాచాడు, దొరికాడు, ఒప్పుకున్నాడు. ఒక్కసారి కూడా ప్రేమ గురించి మాట్లాడలేదు. "ఏం కాదులే" అనే మాట కూడా లేదు. ఆ మాటను అతనికి మొత్తం సిరీస్‌లో రెండుసార్లకు మించి ఇవ్వకండి.

8. బయటికి పంపడం

చంపొద్దు. కొన్నేళ్లుగా అనిమే చూసేవాళ్లకు మంచి అన్న నవ్వుతూ "వచ్చాక మాట్లాడుకుందాం" అనగానే సంగతి తెలిసిపోతుంది. చావుతో అతని ఖర్చు అంతా ఒక్కసారిగా మాఫీ అయిపోతుంది, ఆమెకు మిగిలేది అపరాధభావమే. ఉద్యోగం, పెళ్లి, బదిలీ, వేరే అద్దె గది: వీటిలో ఏదైనా ఎక్కువ నొప్పి పెడుతుంది, ఎందుకంటే అతను బతికే ఉంటాడు, ఇంట్లో ఉండడు. యుద్ధమో రాక్షసులో ఉన్న కథయి చావు తప్పదనుకుంటే, ఆఖరి మాటలు లేకుండా చంపండి.

డ్రాఫ్టు అయ్యాక చేసే పరీక్షలు

తకుయా డైలాగులన్నీ తల్లి పేరు కింద పెట్టి చదవండి. పది డైలాగుల్లో ఏడెనిమిది తల్లికి అతికినట్టు సరిపోతే మీరు రాసింది అన్నను కాదు, రెండో అమ్మను. అన్నలో కొంచెం వెక్కిరింత ఉంటుంది, రిమోట్ కోసం తగువు ఉంటుంది, మొన్నమొన్నటిదాకా తనూ పిల్లాడే అన్న గుర్తుంటుంది. అవి చేర్చండి.

అతని సీన్లలో డైలాగులు మూసేసి కనిపించేవి మాత్రమే చదవండి. ప్రేమ తెలియకపోతే నాలుగో మెట్టుకి వెళ్లండి.

నావో తీసుకున్న ముఖ్య నిర్ణయాలు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన అది ఎవరి నోట వచ్చిందో రాయండి. ఎనిమిదో ఎపిసోడ్ తప్ప ఇంకెక్కడైనా తకుయా పేరు పడితే ఆ సీను మళ్లీ రాయాలి.

ఆఖరున స్టాప్‌వాచ్. 12 ఎపిసోడ్లలో అతని సమయమంతా కలిపినా 30 నిమిషాలు దాటకూడదు. 40 దాటితే రెండు దారులున్నాయి: కోసేయడం, లేదా కథ నిజానికి తకుయాదేనని ఒప్పుకుని మొదటి ఎపిసోడ్ నుంచి అతని వైపు తిప్పి రాయడం. పది నిమిషాల పొట్టి కథయితే రెండు, నాలుగు, ఐదు మెట్లు చాలు: ఒక ఖర్చు, ఒక పని, ఒక తప్పు. ఉత్తరం డ్రాయర్లోకి వెళ్లే షాట్‌తోనే మొదలుపెట్టండి.